తేనె బేరం పెట్టెల దగ్గరే



తేనె సీసా లేని తెలుగిల్లు అరుదు. అల్లం రసంలో కలుపుకోవడానికో, ఆయుర్వేద చూర్ణానికి అనుపానంగానో, దేవుడి పంచామృతానికో ఒక సీసా అలమరలో ఉండనే ఉంటుంది. ఆ సీసా ఇంట్లోకి వచ్చిన రోజునే దాని వెంట ఒక అనుమానమూ వస్తుంది. ఇది అసలు తేనేనా, బెల్లం పాకమా?

ఆ అనుమానం తీర్చుకోవడానికి మనవాళ్ళ దగ్గర పరీక్షలు బోలెడున్నాయి. గ్లాసెడు నీళ్ళలో ఒక చుక్క వదులుతారు. కరగకుండా అడుక్కి దిగితే మంచిదంటారు. దూది వత్తిని తేనెలో ముంచి వెలిగిస్తారు. మండితే మంచిదంటారు. కాగితం మీద వేసి తడి ఇంకిందో లేదో చూస్తారు. అసలు తేనెకు చీమలు పట్టవంటారు, కుక్క మూతి పెట్టదంటారు. వినడానికి బాగానే ఉంటాయి గానీ వీటిలో ఒక్కటీ నిలబడదండీ. నీళ్ళలో అడుక్కి దిగాలంటే చిక్కదనం ఉంటే చాలు. ముదరగాచిన పంచదార పాకమూ దిగుతుంది. వత్తి మండటం, మండకపోవటం తడిని బట్టి ఉంటుంది తప్ప స్వచ్ఛతను బట్టి కాదు. ఇక చీమలంటారా, తేనెటీగలు పెంచేవాళ్ళనే అడగండి. చీమల బాధ పడలేకే వాళ్ళు పెట్టెల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టుకుంటారు.

వంటింటి పరీక్షల సంగతి అలా ఉంచితే, ప్రయోగశాల పరీక్షలకు కూడా దొరకని కల్తీ వచ్చేసింది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే సంస్థ, బజార్లో దొరికే 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయించి ఫలితాలు బయటపెట్టింది. మామూలు పరీక్షల్లో గట్టెక్కిన సీసాలు కూడా, జర్మనీలో ఎన్.ఎం.ఆర్. అనే పరీక్షకు పెట్టేసరికి తేలిపోయాయి. 13 బ్రాండ్లలో 10 ఆ పరీక్ష తప్పాయి. కంపెనీలు కొన్ని ఆ ఫలితాలను ఒప్పుకోలేదు, అది వేరే వాదన. కానీ ఒక విషయం మాత్రం జనానికి తెలిసొచ్చింది. పరీక్షకు చిక్కకుండా ఉండేలా చక్కెర పాకాలను తయారుచేసి అమ్మేవాళ్ళున్నారు. ప్రయోగశాలనే ఏమార్చగలిగినవాళ్ళకి మన గ్లాసెడు నీళ్ళు ఒక లెక్కా?

అందుకని ఈవేళ నేను మనవి చేసేది ఒక్కటే. సీసాను చూసి తేనెను తేల్చుకోలేం. పెట్టెను చూసి, పెంచేవాణ్ణి అడిగి తేల్చుకోవచ్చు. మీ ఊరికి దగ్గర్లో తేనెటీగల పెట్టెలు ఎక్కడ పెట్టారో కనుక్కుని, ఒక పూట వీలు చేసుకుని వెళ్ళండి. అక్కడ ఏం చూడాలి, ఏం అడగాలి, ఎలా కొనాలి అన్నదే ఈ ప్రసంగం.

పెట్టెలు ఎక్కడుంటాయంటే, పూలెక్కడుంటే అక్కడ. ఈ పని చేసే చాలామందికి అది ఒకచోట కుదురుగా సాగే సేద్యం కాదు, పూత వెంట తిరిగే బతుకు. సంక్రాంతి రోజుల్లో ధనియాల చేలు, ఆ వెనకే పొద్దుతిరుగుడు, వేసవి నువ్వులు. ఉగాది అటూ ఇటూగా వేప, కానుగ. చలికాలంలో కుంకుడు చెట్లు. ఉత్తరాది పెంపకందార్లయితే ఆవపూల కోసం రాజస్థాన్‌కీ, లీచీ పూతకి బీహార్‌లోని ముజఫర్‌పుర్‌కీ చేరుతారు. మన రాష్ట్రంలో ఈ తిరుగుడుకి పేరుపడ్డ మజిలీ అరకు.

దసరా వెళ్ళాక విశాఖపట్నం నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కొండవాలు పొడుగునా పసుప్పచ్చగా వలిసె పూలు. వలిసె నూనెగింజ పంట. నీటి వసతి లేని మెట్ట చెక్కల్లో గిరిజన రైతులు చల్లుకుంటారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పూత. పర్యాటకులు కార్లు ఆపి, రైతుకు పదో పరకో ఇచ్చి పూల మధ్య నిలబడి ఫొటోలు తీసుకుంటారు. ఆ హడావిడిలో చేను గట్టున వరసగా పెట్టిన చెక్కపెట్టెలను చాలామంది గమనించరు. గమనించినా, కుడతాయేమోనని దూరంగా తప్పుకుంటారు. దిగి వెళ్ళి చూడవలసింది వాటినే.

పెట్టెల దగ్గరికి వెళ్ళేటప్పుడు కొన్ని మర్యాదలున్నాయి. ప్రతి పెట్టెకీ కిందిభాగంలో సన్నని సందు ఉంటుంది. అది ఈగల గుమ్మం. ఆ గుమ్మానికి ఎదురుగా నిలబడకూడదు. పక్కనుంచో వెనకనుంచో వెళ్ళాలి. దారికి అడ్డు రానంతవరకూ ఈగలు తమ పని తాము చూసుకుంటాయి. ఘాటైన సెంటు, తలలో మల్లెచెండు ఆ పూటకి వద్దు. నల్లని బట్టలకంటే లేతరంగు బట్టలు మంచివి. ఈగ ముఖం దగ్గర తిరిగితే చేతులు విసరకుండా నెమ్మదిగా పక్కకు తొలగాలి. ఒకవేళ కుట్టిందే అనుకోండి, ముల్లు ఒంట్లోనే ఉండిపోతుంది. దాన్ని గోటితో గీకైనా సరే వెంటనే తీసేయాలి. ఎలా తీశామన్నదానికంటే ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. నొప్పి, వాపు మామూలే. కానీ ఊపిరి అందకపోవడం, ముఖమూ పెదవులూ వాయడం, కళ్ళు తిరగడం కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. అలాంటి తత్వం ఉన్నవాళ్ళు అసలు పెట్టెల దగ్గరికి పోకపోవడమే మంచిది.

అరకు దారిలో నేను మాట్లాడిన పెంపకందారు మైదానం నుంచి రాత్రిపూట లారీలో పెట్టెలు తెచ్చుకున్నవాడు. రాత్రిపూటే ఎందుకు తెస్తారని అడిగాను.

"పొద్దుగూకితే గానీ ఈగలన్నీ ఇంటికి చేరవండీ. అప్పుడు గుమ్మానికి జాలీ కొట్టి లారీ ఎక్కిస్తాం. తెల్లారేలోగా దింపెయ్యాలి. ఎండెక్కితే లోపల ఉడికిపోతాయి," అన్నాడు.

మరి కొత్త చోటు కదా, దారి తప్పవా అన్నాను.

"దూరం తెస్తే తప్పవు. కిలోమీటరు రెండు కిలోమీటర్లు జరిపితేనే చిక్కు. పాత చోటికే పోయి వెతుక్కుంటాయి," అన్నాడు.

ఆయన పెంచేవి పసుపు చారల ఈగలు. వీటిని పెంపకందార్లు ఇటాలియన్ ఈగలంటారు. పుట్టింది మన దేశంలో కాదు. 1962లో అప్పటి పంజాబులోని నగ్రోటాలో, అంటే ఇప్పటి హిమాచల్‌ప్రదేశ్‌లో, వీటిని మన దేశంలో మొదటిసారి నిలదొక్కుకునేలా పెంచారు. మన సొంత జాతి కూడా ఒకటుంది. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో పట్టు పెట్టే ఈగ. దాన్నీ పెట్టెలో పెంచుకోవచ్చు. కానీ ఏడాదికి అయిదారు కిలోలు, బాగా కలిసొస్తే పది కిలోల తేనె ఇస్తుంది. ఇటాలియన్ ఈగల పెట్టె పూతల వెంట తిప్పితే ఇరవై అయిదు, ముప్ఫై కిలోలు దాటి ఇస్తుంది. 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు వచ్చి దక్షిణాదిలో దేశవాళీ ఈగల పెట్టెలు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. ఇటాలియన్ ఈగలు ఇటువైపు ఇంతగా పెరగడానికి అదీ ఒక కారణం.

పెట్టె తెరవమని అడగండి. నిజాయితీగా పెంచేవాడు వద్దనడు. వేళా వాతావరణం చూసుకుని, ముసుగు ఇచ్చి మరీ చూపిస్తాడు. ముందుగా పొగడబ్బాలో గోనెగుడ్డ ముక్కో కొబ్బరిపీచో రాజేసి గుమ్మంలోకి నాలుగు పొగలు వదులుతాడు. పొగ తగిలితే ఈగలు కుట్టే ధ్యాస మాని తేనె తాగడంలో పడతాయి. మూత తీస్తే రెండంతస్తులు. కింది అర పిల్లలది. రాణి ఈగ గుడ్లు పెట్టేది అక్కడ. పూత బాగున్న రోజుల్లో అది రోజుకు వెయ్యి, పదిహేనువందల గుడ్లు పెడుతుంది. పై అర తేనెది. రెండింటికీ మధ్య జల్లెడలాంటి తడిక ఉంటుంది. దాని కంతల్లోంచి కూలి ఈగలు దూరతాయి, ఒళ్ళు పెద్దదైన రాణి దూరలేదు. కాబట్టి పై అరలో పిల్లలుండవు, వట్టి తేనే ఉంటుంది. అడవిలో పట్టు కోసి పిండిన తేనెకీ పెట్టె తేనెకీ తేడా ఇక్కడే మొదలవుతుంది.

అరకు దారిలోని ఆ పెంపకందారు పై అరలోంచి ఒక ఫ్రేము లేపి, మెత్తటి కుంచెతో ఈగల్ని దులిపి, ఎండకి ఎదురుగా పట్టుకున్నాడు. ఫ్రేము పైభాగమంతా తెల్లటి మైనం మూతలతో నున్నగా ఉంది. కింది అంచున రెండు మూడు వరసల గదులు మాత్రం మూత పడకుండా తడిగా మెరుస్తున్నాయి. ఆ ఫ్రేమును అడ్డంగా పట్టి ఒక్క కుదుపు కుదిపాడు. మూతలేని గదుల్లోంచి నాలుగు చుక్కలు గడ్డి మీద పడ్డాయి.

"ఇది పచ్చి. ఇంకో నాలుగు రోజులు ఆగాలి," అని మళ్ళీ పెట్టెలో దించేశాడు.

శ్రోతలారా, తేనె కొనడానికి వెళ్ళినవాళ్ళు చూడవలసిన అసలు ఘట్టం అదే. పువ్వులో ఉండేది తేనె కాదు, మకరందం. అందులో సగానికి పైగా నీళ్ళే. ఈగ దాన్ని పొట్టలోని సంచిలో మోసుకొచ్చి, గూటిలో ఇంకో ఈగకి అందిస్తుంది. అది నోట్లో నలిపి, తన ఒంట్లోని రసాలు కలిపి గదిలో నింపుతుంది. రాత్రంతా రెక్కలతో విసురుతూ ఆ నీటిని ఆవిరి చేస్తాయి. గూడు లోపల పిల్లలుండే చోట వేడి 34, 35 డిగ్రీల దగ్గర నిలబెడతాయి. నీరు ఇరవై శాతానికి అటూ ఇటూ దిగిందని తేల్చుకున్నాక గానీ మైనంతో మూత వెయ్యవు. ఆ మూతే పాకం ముదిరిందని ఈగలు పెట్టే గుర్తు. ఫ్రేములో ముప్పాతిక భాగానికి పైగా మూత పడ్డాక తీసిన తేనె ఏళ్ళ తరబడి నిలవుంటుంది. తొందరపడి పచ్చి ఫ్రేములు తీస్తే ఎక్కువ తేనె వస్తుంది, కానీ నీరెక్కువై నురగ కట్టి పులుస్తుంది. అందులో కల్తీ ఏమీ లేదు, అయినా అది మంచి తేనె కాదు. ఈ తేడా ఏ సీసా మీదా రాసి ఉండదు. ఫ్రేము దగ్గర నిలబడితేనే తెలుస్తుంది.

తేనె తీయడం చూస్తే పిల్లలకి మహా సరదా. పదునైన కత్తితో ఫ్రేము మీది మైనం మూతలను పలచగా కోస్తారు. ఆ ఫ్రేముల్ని స్టీలు డ్రమ్ములో నిలబెట్టి చేతిపిడితో గిరగిరా తిప్పుతారు. తడిబట్టను జాడిస్తే నీళ్ళు ఎగిరిపడ్డట్టు, గదుల్లోని తేనె డ్రమ్ము గోడలకు కొట్టుకుని అడుక్కి జారుతుంది. కింద కుళాయి విప్పితే ధార. పట్టు చెదరదు. ఖాళీ ఫ్రేములు తిరిగి పెట్టెలోకే పోతాయి. ఈగలు కొత్తగా మైనం కట్టే శ్రమ లేకుండా మళ్ళీ నింపుకుంటాయి. వచ్చిన తేనెను గుడ్డలోనో సన్నజాలీలోనో వడపోసి, ఒకటి రెండు రోజులు తేర్చి సీసాలకెత్తుతారు. కోసిన మైనం మూతల ముక్క ఒకటి అడిగి నోట్లో వేసుకుని నమిలి చూడండి. ఆ రుచి నాలుక మీద ఉండగానే సీసాలో ఉన్నదాన్ని కూడా చూడండి. రెండూ ఒకటే అయితే అమ్మేవాడి మాట మీద కాస్త నమ్మకం పెట్టుకోవచ్చు.

ఇక అడగవలసిన ప్రశ్నలు.

మొదటిది, ఇది ఏ పూల తేనె, ఏ నెలలో తీశారు? పెంచినవాడు తడుముకోకుండా చెప్తాడు. ఎక్కడో కొని తెచ్చి అమ్మేవాడు "అడవి పూలండీ, అన్ని పూలూనండీ" అంటాడు. అన్ని పూల తేనె ఉండకపోదు. కానీ ఏ ఊరిదో, ఏ కాలానిదో అయినా చెప్పగలగాలి.

రెండోది కొంచెం చిక్కు ప్రశ్న. వానాకాలంలో ఈగలకు ఏం పెడతారు? నేను ఇది అడిగితే అరకు దారిలోని పెంపకందారు నవ్వి, "పంచదార పాకమేనండీ, దాపరికమెందుకు?" అన్నాడు. నిజం చెప్పాడు. ఎడతెరిపి లేని వానల్లో ఈగలు బయటికి పోలేవు, పోయినా పూలుండవు. పాకం పెట్టకపోతే చస్తాయి, లేదా పెట్టె వదిలి లేచిపోతాయి. అప్పుడు పాకం పెట్టడం తప్పు కాదు. పూత మొదలయ్యాక కూడా పాకం పోస్తూ, ఆ పాకాన్నే ఈగల చేత గదుల్లో నింపించి తేనె పేరుతో తీయడం తప్పు. కాబట్టి "మేం పంచదార ముట్టనే ముట్టం" అని ఒట్టు పెట్టుకునేవాడికంటే, "పెడతాం, ఫలానా నెలలో ఆపేస్తాం, ఆ తర్వాతే తేనె అర ఎక్కిస్తాం" అని చెప్పేవాణ్ణి నమ్మవచ్చు.

మూడోది, పెట్టెల్లో మందులు వాడతారా, వాడితే ఎప్పుడు? తేనెటీగలకూ తెగుళ్ళుంటాయి. ఒంటిని పట్టుకుని పీల్చే వర్రోవా నల్లి ఉంది. మైనం తినే పురుగు ఉంది. తేనె నిండే రోజుల్లో మందు జోలికి పోకూడదన్నది ఈ వృత్తిలో నియమం.

నాలుగోది, కాచారా? బాగా కాచిన తేనె చూడ్డానికి అద్దంలా ఉంటుంది, త్వరగా పేరుకోదు. కానీ పూల వాసన పోతుంది, అందులోని సున్నితమైన గుణాలూ దెబ్బతింటాయి. తేనెను వేడిచేసి వాడకూడదని ఆయుర్వేదమూ చెప్తుంది.

ఇప్పుడు తూకం సంగతి. ఇందులో మనం మోసపోయేంతగా ఇంకెందులోనూ మోసపోం. తేనె నీళ్ళకంటే బరువు. లీటరు తేనె కిలో నాలుగువందల గ్రాముల దాకా తూగుతుంది. అంటే లీటరు ధర, కిలో ధర ఒకటి కావు. రోడ్డు పక్కన 750 మిల్లీలీటర్ల పాత సీసాలో అమ్మే తేనె ముదిరినదైతే, ఖాళీ సీసా బరువు తీసేశాక, కిలోకి పైన ఓ 50 గ్రాములు తూగాలి. బాగా తక్కువ తూగితే అందులో నీరు ఎక్కువుందని లెక్క. బరువు సరిపోయినంత మాత్రాన స్వచ్ఛమైనదని చెప్పలేం, చిక్కటి పాకమూ అలాగే తూగుతుంది. కానీ తూగనిదాన్ని మాత్రం నిక్షేపంగా వదిలేయవచ్చు. ధర కూడా ఒక సూచనే. పంచదార ధరకి దరిదాపుల్లో ఎవరైనా తేనె ఇస్తానంటే, అది పంచదారేనని అనుకోవడం న్యాయం.

ప్యాకింగు చేసి అమ్మే సీసా అయితే దాని మీద ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ., అంటే కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ఇచ్చిన లైసెన్సు సంఖ్య 14 అంకెలతో ఉండాలి. ఆ సంస్థ ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించకూడదు. మామూలు పంచదార, అంటే సుక్రోజు, సాధారణ పూల తేనెలో 5 శాతం దాటకూడదు. పెద్ద పెంపకందార్లు తమ సరుకును పరీక్ష చేయించి ఉంటారు. కాగితం చూపించమంటే తప్పేమీ లేదు.

వీధిలో బకెట్టు మోసుకుని, పైన తేనెపట్టు ముక్కా నాలుగు చచ్చిన ఈగలూ తేలుతూ ఉంటే "ఇప్పుడే కొట్టుకొచ్చాం అమ్మా" అని అమ్మేవాళ్ళని మీరందరూ చూసే ఉంటారు. పట్టు నిజమైనదే కావచ్చు. దాని కింద ఉన్న ద్రవం మాటే ఎవరికీ తెలియదు. అడవి తేనె కావాలనుకుంటే దానికి దారి వేరే ఉంది. కొండ చరియలకీ మాను కొమ్మలకీ వేలాడే పెద్ద ఈగల పట్టును ఎవరూ పెట్టెలో పెంచలేరు. దాన్ని తీసేది నల్లమల చెంచుల వంటి అడవిబిడ్డలు. వాళ్ళ దగ్గర తేనె కొని, శుద్ధి చేసి అమ్మడానికి 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఉంది. విశాఖపట్నం దాని కేంద్రం. మన ఊళ్ళలో ఆ సంస్థ నడిపే జీసీసీ దుకాణాలంటే తెలియనివాళ్ళుండరు.

తేనె ఇంటికొచ్చాక కూడా నాలుగు మాటలు గుర్తుంచుకోవాలి. కొన్ని నెలలకు తేనె అడుగున తెల్లగా పేరుకుంటుంది. వెంటనే "చూశావా, పంచదార కలిపాడు" అంటాం. పాపం, ఆ పెంపకందారు ఏ తప్పూ చేసి ఉండడు. తేనెలో గ్లూకోజు ఎక్కువుంటే పేరుకోవడం దాని సహజగుణం. పొద్దుతిరుగుడు, ఆవపూల తేనెలు చాలా త్వరగా పేరుకుంటాయి. సీసాను గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే కరుగుతుంది. పొయ్యి మీద పెట్టకండి, ఫ్రిజ్‌లోనూ పెట్టకండి. తడి చెంచా ముంచకండి. రంగూ రుచీ ప్రతిసారీ ఒకేలా ఉండవు. వేపపూత నాటి తేనెకు కాస్త చేదు తగులుతుంది. పోయినేటి రుచే ఈ ఏడూ రావాలని పట్టుబడితే, అది కర్మాగారంలో కలిపి చేసినవాడే ఇవ్వగలడు.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. పురిటి బిడ్డ నాలుక మీద తేనె రాయడం మనలో చాలా ఇళ్ళల్లో ఆచారం. ఏడాది నిండని బిడ్డకి తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదని వైద్యులు చెప్తున్నారు. తేనెలో ఒక్కొక్కసారి బొటులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి విత్తనాలుంటాయి. పెద్దవాళ్ళ కడుపులో అవి మొలకెత్తవు, పసిబిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. తేనె ఎంత స్వచ్ఛమైనదైనా ఈ నియమం మారదు. పెద్దలు మన్నించి, ఆ ఒక్క ఆచారాన్ని ఏడాది వాయిదా వేయండి. అలాగే మధుమేహం ఉన్నవాళ్ళు "తేనె కదా, ఫర్వాలేదు" అనుకోకండి. అందులో నూటికి ఎనభై వంతులు చక్కెరలే.

చివరగా, పెట్టె దగ్గర కొంటే మనకు మంచి తేనె దొరకడం ఒక్కటే కాదు లాభం. వలిసె పువ్వు తన పుప్పొడితో తాను గింజ కట్టలేదు. పక్క మొక్క పుప్పొడి అందాలి. ఆ పని చేసేది తేనెటీగ. కొందరు రైతులకు ఒక అపోహ ఉంది. ఈగలు పువ్వులో రసం పీల్చేస్తే గింజ తాలు పోతుందని పెట్టెలు పెట్టనివ్వరు. జరిగేది సరిగ్గా తలకిందులు. పెట్టెలున్న చేలో గింజ ఎక్కువ కడుతుంది. పొద్దుతిరుగుడు, పుచ్చ, దోస, గుమ్మడి, ఉల్లి విత్తనం, అన్నీ ఈగలకు రుణపడ్డ పంటలే. ఒక కూలి ఈగ పూత రోజుల్లో బతికేది ఆరు వారాలు. ఆ బతుకంతా కష్టపడి తెచ్చే తేనె చిన్న చెంచాలో పన్నెండో వంతు అంటారు. ఆ కాస్త కోసం అది తిరిగిన పూలన్నీ కాయ కడతాయి. పెంపకందారు తేనె అమ్ముకుని నిలబడితేనే ఆ పెట్టెలు వచ్చే ఏడు మళ్ళీ చేలోకి వస్తాయి. పాకం సీసాకి మనం ఇచ్చే డబ్బు ఏ చేనుకీ చేరదు.

రైతు సోదరులకు ఒక మనవి. మీ చేను చుట్టుపక్కల పెట్టెలుంటే, పూత మీద పురుగుమందు కొట్టకండి. తప్పనిసరైతే పెంపకందారుకి ముందురోజే కబురు చేసి, ఈగలు గూటికి చేరాక సాయంత్రం పూట కొట్టండి. ఈగలు మూడు కిలోమీటర్ల దాకా పోతాయి కాబట్టి పక్క ఊరి పెట్టెలూ మీ లెక్కలోవే.

కొనేవాళ్ళకు చెప్పేది ఇదీ. ఈ ఏడు తేనె కావలసినప్పుడు బజారుకు పోయేముందు ఒక్కసారి వాకబు చేయండి. మండల ఉద్యాన అధికారిని అడగండి, కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి. మీకు దగ్గర్లో పెట్టెలున్నవాళ్ళెవరో చెప్తారు. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. ఫ్రేము చూడండి, నాలుగు ప్రశ్నలూ అడగండి, తూకం వేయించి కొనండి. నచ్చితే ఆయన ఫోన్ నంబరు రాసుకోండి. పాలవాడూ కూరలవాడూ ఉన్నట్టే మన ఇంటికి తెలిసిన తేనెవాడు ఒకడుంటే, సీసా తెరిచిన ప్రతిసారీ అనుమానపడే పని ఉండదు.